కాగితం లేని కంప్లైంట్

ప్రతి ఏడాదీ మా ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ వస్తుంది. పోష్ ట్రైనింగ్ ఈ నెలాఖరులోపు పూర్తి చేయండి, లేదంటే మీ మేనేజర్‌కి చెప్తాం అని. 40 నిమిషాల వీడియో, చివర్లో 10 ప్రశ్నలు. సగం మంది వీడియోని పక్క ట్యాబ్‌లో మ్యూట్‌లో పెట్టేసి తమ పని చేసుకుంటారు. దాని మీద ఎన్ని జోకులు వేసుకున్నా ఒక లాభం మాత్రం ఉంది. ఎవరైనా హద్దు మీరితే ఏ ఐడీకి మెయిల్ కొట్టాలో నిన్న చేరిన ఫ్రెషర్‌కి కూడా తెలుసు.

అదే కాలేజీలో అయితే? నాలుగేళ్లు బీటెక్ చదివాను. ఐసీసీ అంటే క్రికెట్ వరల్డ్ కప్ పెట్టేవాళ్లు అనే మాకు తెలుసు. ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ అని ఇంకో ఐసీసీ ఉందనీ, అది ప్రతి కాలేజీలోనూ ఉండి తీరాలనీ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ వాళ్లు బీటెక్‌లో జెండర్ సెన్సిటైజేషన్ అని ఒక కోర్సే పెట్టారు. తెలుగు, ఇంగ్లిష్ రెండింట్లో చదువుకునేలా తెలుగు అకాడమీ 2015లో దానికి పుస్తకం కూడా వేసింది. మంచి పుస్తకం. మా కాలేజీలో మాత్రం ఆ పీరియడ్ రాగానే మ్యాథ్స్ సార్ చాక్‌పీస్‌తో వచ్చి మిగిలిపోయిన సిలబస్ లాగించేవారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఈ మధ్య ఒక జూనియర్ ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టింది. "అక్కా, మా ప్రాజెక్ట్ గైడ్ రాత్రి 11 దాటాక మెసేజ్‌లు పెడుతున్నాడు. రిప్లై ఇవ్వకపోతే రికార్డు మీద సంతకం పెట్టట్లేదు. హెచ్‌ఓడీ సార్‌కి చెప్పమంటారా?" అని.

చెప్పొద్దు అనలేదు. నోటితో చెప్పి ఊరుకోవద్దు అన్నాను. ఎందుకో చెప్తాను.

ఫైనల్ ఇయర్‌లో మా రూమ్మేట్‌కి దాదాపు ఇదే జరిగింది. తను ధైర్యం చేసి హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడేం కాదు, వెంటనే ఆ గైడ్‌ని కేబిన్‌కి పిలిపించాడు. పావుగంటలో అంతా అయిపోయింది. "చూడమ్మా, సార్ సారీ చెప్పారు. ఆయనకీ కుటుంబం ఉంది, నీకూ ప్లేస్‌మెంట్స్ టైమ్. ఇక్కడితో వదిలెయ్" అన్నాడట. రూముకి వచ్చి మంచం మీద కూర్చుని "అయిపోయిందంటే" అంది. అంతే. గైడ్ మారలేదు. మెసేజ్‌లు ఆగాయి కానీ ఇంటర్నల్స్‌లో మార్కులు కూడా ఆగాయి. తర్వాతి సెమిస్టర్‌లో ఆ హెచ్‌ఓడీ వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన "అలాంటి కంప్లైంట్ ఏదీ మా రికార్డుల్లో లేదే" అన్నాడు. ఆ మాట నిజమే. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

మన కాలేజీల్లో ఇలాంటివి చాలావరకు కేబిన్‌లోనే తేలిపోతాయి. పిలుస్తారు, తిడతారు, సారీ చెప్పిస్తారు. తేల్చేవాళ్లకి మంచి పని చేశామన్న తృప్తి కూడా ఉంటుంది. కానీ తారీఖు ఉండదు, సంతకం ఉండదు. ఆయన వచ్చే ఏడాది ఇంకో బ్యాచ్‌కి గైడ్ అవుతాడు, ఆ బ్యాచ్‌లో అమ్మాయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

సరే, కాగితం ఎవరికి రాయాలి? యూజీసీ 2015లో చేసి 2016లో నోటిఫై చేసిన రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ ఐసీసీ ఉండాలి. ఏఐసీటీఈ కూడా 2016లో ఇంజినీరింగ్ కాలేజీలకి విడిగా నిబంధనలు పెట్టింది. వీటన్నిటి వెనక 2013 నాటి పోష్ చట్టం ఉంది. దాని వెనక 1997లో సుప్రీం కోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు ఉంది. రాజస్థాన్‌లో బాల్య వివాహం ఆపడానికి ప్రయత్నించిన భన్వరీ దేవి మీద 1992లో జరిగిన అత్యాచారం ఆ కేసుకి మూలం.

ఈ కమిటీకి సీనియర్ మహిళా ఫ్యాకల్టీ అధ్యక్షురాలిగా ఉండాలి. ఇద్దరు టీచర్లు, ఇద్దరు నాన్ టీచింగ్ వాళ్లు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు ఉంటారు. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే ఉండాలి. విషయం విద్యార్థులకి సంబంధించిందైతే ముగ్గురు స్టూడెంట్స్ కూడా కూర్చోవాలి, వాళ్లని కూడా ఎన్నుకోవాలి. మీ కాలేజీలో ఆ ఎన్నిక ఎప్పుడైనా చూశారా? ఇంకో మాట, చాలామందికి తెలియనిది. వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ లాంటి పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్లు ఈ కమిటీలో ఉండకూడదు. అంటే మా రూమ్మేట్ విషయం తేల్చేసిన హెచ్‌ఓడీకి నిబంధనల ప్రకారం ఆ కమిటీలో కుర్చీయే లేదు!

ఇక గడియారం. జరిగిన రోజు నుంచి 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. పదే పదే జరిగితే ఆఖరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించొచ్చు. వినడానికి 3 నెలలంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ మిడ్స్ వస్తాయి, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ వస్తాయి, సెమ్ ఎగ్జామ్స్, ఆ తర్వాత సెలవులు. "ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాంలే" అని ఎవరైనా సలహా ఇస్తే, ఆ మాట మంచితనంతోనే వచ్చినా మీ 3 నెలల్లో సగం దానికే పోతుంది.

లెటర్‌లో పెద్ద పెద్ద మాటలేం అక్కర్లేదు. "నా ఆత్మగౌరవానికి భంగం కలిగింది" అని నాలుగు పేరాలు రాసేకంటే, ఫలానా తేదీ, ఫలానా టైమ్, సెకండ్ ఫ్లోర్ ల్యాబ్, ఆయన ఏమన్నాడు, నేనేమన్నాను, అక్కడ ఇంకెవరున్నారు అని వరసగా రాయండి. మేం సర్వర్ డౌన్ అయితే రాసే రిపోర్టు లాంటిదే. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. ఆయన అన్న మాట బూతైనా సరే, అన్నది అన్నట్టే రాయాలి. "అసభ్యంగా మాట్లాడారు" అంటే చదివేవాళ్లకి ఏమీ తెలియదు. తెలుగులో రాసినా పర్లేదు. రాయడం మీ వల్ల కావట్లేదంటే సాయం చేయాల్సిన బాధ్యతని చట్టం కమిటీ మీదే పెట్టింది. మనిషి మాట్లాడే స్థితిలో కూడా లేకపోతే ఫ్రెండ్, క్లాస్‌మేట్, బంధువు, సైకాలజిస్ట్ ఎవరైనా తన తరఫున ఇవ్వొచ్చని యూజీసీ రాసింది. 18 నిండితే అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు.

ఈ ఆఖరి వాక్యం కోసమే కొందరు ఇంతవరకు చదివి ఉంటారని నాకు తెలుసు. మనలో చాలామందికి ఆ గైడ్ కంటే పెద్ద భయం ఇల్లు. "తెలిస్తే చదువు మాన్పించేస్తారు, సంబంధాలు చూడటం మొదలెడతారు." ఇది ఉత్త భయం అని నేను కొట్టిపారేయను. అలా ఆగిపోయిన చదువులు నేనూ చూశాను. ఇంట్లో చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి, అమ్మకా, పిన్నికా, అన్నకా అన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. ఆ నిర్ణయం మీ బదులు కాలేజీ తీసుకోకూడదు. అందుకే లెటర్ చివర్లోనే "నన్ను అడగకుండా మా ఇంటికి ఫోన్ చేయవద్దు" అని ఒక లైను రాయమని నా సలహా.

లెటర్ ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. విషయం నలుగురి కళ్లలో పడుతుందనుకుంటే సీల్ చేసిన కవర్లో ఇచ్చి, కవర్ అందినట్టు సంతకం తీసుకోండి. లేదా కమిటీ అధ్యక్షురాలికి మెయిల్ చేసి, మీ పర్సనల్ మెయిల్‌కి సీసీ పెట్టుకోండి. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ వాళ్ల చేతిలో ఉంటుంది, ఎప్పుడైనా ఆపేయగలరు. ఇది మాత్రం సాఫ్ట్‌వేర్ దానిగా చెప్తున్నా.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటి. "అంతా కాన్ఫిడెన్షియల్" అంటారు కదా, ఆయనకి మీ పేరు తెలియదని దానర్థం కాదు. కంప్లైంట్ అందిన 7 రోజుల్లో కాపీ ఆయనకి పంపాలి. ఆయన 10 రోజుల్లో జవాబివ్వాలి. న్యాయంగా చూస్తే అలాగే ఉండాలి, ఎవరి మీద ఏం రాశారో తెలియకుండా జవాబెలా చెప్తారు? గోప్యత అంటే ఊరికి తెలియకూడదని. మీ పేరు, ఆయన పేరు, సాక్షుల పేర్లు ఏవీ బయట పెట్టకూడదు. కాబట్టి ఆ కాపీ ఆయన చేతికి అందిన రోజు నుంచి ఎలా ఉంటుందో ముందే ఆలోచించుకుని, మధ్యంతర రక్షణ కావాలని అదే లెటర్‌లో అడగండి. ఆయన మీ పేపర్లు దిద్దకూడదు, వైవా తీసుకోకూడదు, గైడ్‌ని మార్చాలి, మీకు దూరంగా ఉండమని ఆయన్ని హెచ్చరించాలి, అవసరమైతే ఇద్దరిలో ఒకరిని వేరే సెక్షన్‌కి మార్చాలి, మీకు 3 నెలల వరకు సెలవు ఇవ్వాలి. ఇవన్నీ యూజీసీ రెగ్యులేషన్స్‌లో ఉన్నవే. అడగకపోతే చాలా కమిటీలకి గుర్తు రావు. నా రూమ్మేట్‌కి కావాల్సింది కూడా అదే, ఆయన్ని ఉరి తీయమని తను అడగలేదు. తన రికార్డు మీద ఇంకెవరైనా సంతకం పెడితే చాలనుకుంది.

విచారణ 90 రోజుల్లో అయిపోవాలి. ఆ తర్వాత 10 రోజుల్లో రిపోర్టు పైకి వెళ్లాలి, ఇద్దరికీ కాపీ ఇవ్వాలి. 30 రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. నచ్చకపోతే అప్పీలుకి 30 రోజులు. లాయర్లని ఎవరూ తెచ్చుకోకూడదు. "ప్రూఫ్ ఏది?" అని బెదిరించేవాళ్లకి జవాబు ఏంటంటే, క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి చోటు లేకుండా నిరూపించాల్సిన పని ఇక్కడ లేదు. జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని కమిటీకి అనిపిస్తే చాలు. రుజువు చాలలేదన్నంత మాత్రాన అది తప్పుడు కంప్లైంట్ అయిపోదనీ, దానికి శిక్ష వేయడానికి లేదనీ పోష్ చట్టమే చెప్పింది. రాజీ కావాలా అన్నది మీరు అడిగితేనే. డబ్బుతో రాజీ అసలు కుదరదు.

అలాగని త్వరగా ముగించేయమని కమిటీని తొందరపెట్టడం కూడా మంచిది కాదు. గోవా యూనివర్సిటీలో విద్యార్థినులు ఒక అధ్యాపకుడి మీద చేసిన ఫిర్యాదు 2023 మేలో సుప్రీం కోర్టు దాకా వచ్చింది. విచారణ మరీ హడావిడిగా చేశారనీ, ఆయన చెప్పుకునేందుకు సరైన అవకాశం ఇవ్వలేదనీ కోర్టు పాత నిర్ణయాన్ని పక్కన పెట్టి మళ్లీ కమిటీకే పంపింది. అసలు ఫిర్యాదులు 2009 నాటివి! 14 ఏళ్లు. కమిటీ పద్ధతి తప్పితే నష్టపోయేది ముందుగా ఫిర్యాదు చేసినవాళ్లే.

కాగితం ఉంటే చాలా మరి? చాలదు. 2025 జూలైలో ఒడిశా బాలాసోర్‌లో ఒక బీఈడీ విద్యార్థిని తన హెచ్‌ఓడీ మీద రాతపూర్వకంగానే ఫిర్యాదు చేసింది. కమిటీ కూర్చుంది. తనకి న్యాయం జరగదన్న నిస్పృహలో కాలేజీలోనే ప్రాణం తీసుకునే ప్రయత్నం చేసి, రెండు రోజులకి ఆస్పత్రిలో కన్నుమూసింది. హెచ్‌ఓడీని, ప్రిన్సిపాల్‌ని అరెస్టు చేసింది తను ఆ ప్రయత్నం చేశాకే. ఆ వార్త చదివిన రోజు ఆఫీసులో నాకు పని సాగలేదు. కాగితం కదలడానికి పట్టే రోజులన్నీ ఆ మనిషి అదే క్లాసులో, అదే హాస్టల్‌లో గడపాలి. ఆ రోజుల్లో పక్కన ఒకరు ఉండాలి.

అలా పక్కన ఉండేవాళ్లు క్యాంపస్‌లో దొరక్కపోతే బయట ఉన్నారు. 181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్. జిల్లాల్లో ఉన్న సఖి కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, లాయర్ సలహా, పోలీస్ సాయం, కొన్ని రోజులు ఉండటానికి చోటు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి, వాళ్లు మీ పేరు బయటకి రానివ్వరు. లాయర్‌కి డబ్బుల్లేవంటే 15100. మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం చట్టప్రకారం ఉంది. మనసు బాగోకపోతే, చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ టైమ్‌లోనైనా. నంబర్లే కదా అని స్క్రోల్ చేసేయకండి, ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీకు కాకపోతే మీ బ్యాచ్‌లో ఇంకొకరికి.

పోలీసుల దగ్గరికి వెళ్లాలంటే కాలేజీ పర్మిషన్ అవసరం లేదు. "ముందు ఐసీసీ తేల్చాక" అని ఎవరైనా అంటే అది వాళ్ల సొంత రూల్. రెండూ ఒకేసారి నడవొచ్చు. భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు 75వ సెక్షన్, వెంటపడటం 78. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించొచ్చు. హైదరాబాద్‌లో జరిగిందాన్ని శ్రీకాకుళంలో మీ ఊరి స్టేషన్‌లో కూడా ఇవ్వొచ్చు. అత్యాచారమే జరిగితే అన్నిటికంటే ముందు ఆస్పత్రి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చేయాల్సిందే, ఎఫ్‌ఐఆర్ తెమ్మనడానికి లేదు. వీలైతే స్నానం చేయకుండా వెళ్లండి. బట్టలు ఉతక్కుండా పేపర్ కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో పెడితే తేమకి పాడవుతాయి. స్నానం చేసేసినా, ఆలస్యమైనా వెళ్లడం మానొద్దు.

ఫోన్ సంగతి నేను చెప్పకపోతే బాగోదు. కోపంలో ముందు బ్లాక్ చేసి, చాట్ డిలీట్ చేసేస్తాం. అసహ్యం వేస్తుంది కదా, ఆ మెసేజ్‌లు ఫోన్‌లో ఉండటమే నచ్చదు. అయినా ఒక్క పది నిమిషాలు ఓర్చుకోండి. స్క్రీన్‌షాట్‌లో సేవ్ చేసుకున్న పేరు కాకుండా నంబర్ కనపడాలి, తేదీ కనపడాలి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ కొట్టి మీ మెయిల్‌కి పంపుకోండి. ఆయన డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేలోపు ఇంకో ఫోన్‌తో స్క్రోల్ చేస్తూ వీడియో తీస్తే ఇంకా మంచిది. ఇన్‌స్టాలో అయితే ప్రొఫైల్ లింక్ దాచండి, పేరు మార్చేయడం వాళ్లకి ఒక్క నిమిషం పని. ఆ తర్వాత హాయిగా బ్లాక్ చేయండి. ఫొటోలు పెడతానని బెదిరిస్తుంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని నుంచి తయారైన కోడ్ మాత్రమే వెళ్తుంది. ఆ సైట్‌తో కలిసి పనిచేసే ప్లాట్‌ఫామ్‌లు ఆ కోడ్‌తో పోల్చి ఫొటోని ఆపుతాయి. ఇది 18 దాటిన వాళ్లకి. కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలకి సంబంధించిన నేరాల్ని పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

18 నిండని వాళ్ల సంగతి వేరు. బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో 17 ఏళ్ల వాళ్లు చాలామందే ఉంటారు, ఇంటర్ సంగతి సరేసరి. వాళ్ల విషయంలో పోక్సో వర్తిస్తుంది. తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. వార్డెన్ అయినా ప్రిన్సిపాల్ అయినా "మనలో మనం చూసుకుందాం" అనడానికి వీల్లేదు, అలా దాచడమే నేరం. 1098కి చేసినా చాలు.

అబ్బాయిలు "ఇది మాకు సంబంధించింది కాదు" అని ఈపాటికి వెళ్లిపోకపోతే, మీకూ ఒక మాట. హాస్టల్లో సీనియర్లు ర్యాగింగ్ పేరుతో బట్టలు విప్పించడం, వీడియోలు తీయడం "సరదా" కిందకి రాదు. కొందరు మగ విద్యార్థులు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా లైంగిక వేధింపులకి గురవుతారని, సంస్థ వాళ్ల తరఫున కూడా నిలబడాలని యూజీసీ రెగ్యులేషన్స్ స్పష్టంగా రాశాయి.

కాలేజీలో అసలు కమిటీయే లేకపోతే, లేదా కాగితం తీసుకోకపోతే, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. కాపీ అఫిలియేటింగ్ యూనివర్సిటీకి, యూజీసీకి, మహిళా కమిషన్‌కి పెట్టండి. కమిటీ వేయని యాజమాన్యానికి పోష్ చట్టం కింద 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. యాజమాని మీదే కంప్లైంట్ అయితే జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లొచ్చు, కలెక్టరేట్‌లో అడిగితే చెప్తారు.

చివరగా, మీకు ఇది జరగలేదు, మీ రూమ్మేట్‌కి జరిగింది అనుకోండి. రాత్రి లైట్ ఆపేశాక చెప్తుంది. "నువ్వెందుకు వెళ్లావే ఒక్కదానివి" అనే మాట నోటిదాకా వస్తుంది, మింగేయండి. "ముందే ఎందుకు చెప్పలేదు" కూడా. వెంటనే గ్రూపులో పెట్టి వాడి పరువు తీద్దాం అని ఆవేశపడొద్దు, అది తన కథ, బయటికి వస్తే తన పేరుతోనే తిరుగుతుంది. తను ఏం చెప్పిందో ఆ రాత్రే తేదీతో సహా మీ నోట్స్‌లో రాసి పెట్టుకోండి, రేపు మీరు సాక్షి కావొచ్చు. పొద్దున్నే టిఫిన్ తెచ్చి పెట్టండి. లెటర్ టైప్ చేసి ప్రింట్ తీయించడానికి తోడు వెళ్లండి. కమిటీ పిలిచిన రోజు లోపలికి మిమ్మల్ని రానివ్వరు. బయట బెంచీ ఉంటుంది.

మా జూనియర్ లెటర్ ఇచ్చింది. మొన్న ఫొటో పంపింది, ఇన్‌వర్డ్ నంబర్‌తో, నీలం రంగు స్టాంపుతో. గైడ్‌ని మార్చారట. విచారణ ఇంకా మొదలవలేదు, 90 రోజుల్లో ఇప్పటికి 12 అయ్యాయి.